నాన్నగారి పాత వీటెక్ సిటీ: అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా నాన్నగారు 2002లో హోండా సిటీ 1.5 వీటెక్ కారు కొత్తగా కొన్నారు. ఏపీ 02 నంబరు, తొంభై వేల కిలోమీటర్ల పైచిలుకు తిరిగింది. ఆయన 2023లో కాలం చేశారు. అప్పటి నుంచి బండి మా బండల పాలిష్ యూనిట్ షెడ్డులోనే ఉంది. నెలకోసారి స్టార్టు చేసి ఆపేస్తుంటాను. ఈమధ్య బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి చూసి, ఇక్కడి సెకండ్ హ్యాండ్ బేరగాళ్లు చెప్పినదానికి రెట్టింపు ఇస్తానన్నారు. కొత్తగా రంగు కొట్టించి, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తే ఇంకా ఎక్కువ పలుకుతుందని మా బావ అంటున్నాడు. దీన్ని అమ్మేసి, ఇంకొంత కలిపి పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొంటే పదేళ్లలో డబ్బు రెట్టింపవుతుందని స్నేహితులు చెబుతున్నారు. పాత కార్లకు నిజంగా విలువ పెరుగుతుందా? ఏ లెక్కన పెరుగుతుంది? నన్నేం చేయమంటారు?

సమాధానం: ముందుగా, ఆ బండిని రంగుల షాపుకు గానీ, అల్లాయ్ చక్రాల దుకాణానికి గానీ తీసుకెళ్లకండి. బెంగళూరు ఆయనకు ఔననీ కాదనీ ఇప్పుడే చెప్పకండి. బండి కాగితాలు మీ పేరు మీదికి మారేవరకు అమ్మకం ఆలోచన పక్కన పెట్టండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే, పాత కారుకు విలువ ఎలా వస్తుందో కొంచెం వివరంగా చూడాలి.

షోరూము నుంచి బయటికి వచ్చిన రోజు నుంచి ఏ కారుకైనా ధర పడిపోతూనే ఉంటుంది. పదేళ్లో పదిహేనేళ్లో గడిచేసరికి అది అట్టడుగుకు చేరుతుంది. నూటికి తొంభై పైగా కార్లు అక్కడే ఆగిపోయి, చివరికి ఇనుప సామాను కొట్టుకు చేరతాయి. కొన్ని మాత్రం అక్కడి నుంచి మళ్లీ పైకి లేస్తాయి. పైకి లేచేవి ఏవో నిర్ణయమయ్యేది కూడా ఆ అడుగున ఉన్న ఏళ్లలోనే. వేగంగా వెళ్లే కారు చవకగా దొరికేసరికి కుర్రవాళ్లు కొంటారు, స్ప్రింగులు కోసి కిందికి దించుతారు, సైలెన్సరు మారుస్తారు, ఒకటి రెండు చోట్ల గుద్దుతారు, ఆపైన స్పేర్ పార్టుల కోసం విప్పి అమ్మేస్తారు. పదేళ్లు ఇలా గడిచాక, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే మిగిలిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. పాత కార్లు సేకరించే సంగ్రాహకుడు వెతికేది ఆ మిగిలినవాటినే. మొదట ఎన్ని తయారయ్యాయన్న అంకె కన్నా, ఈరోజు చెక్కుచెదరకుండా ఎన్ని ఉన్నాయన్నదే ధరను నడిపిస్తుంది.

ఇక తరాల సంగతి. ఒక మోడల్ విలువ దాని సొంత గుణంతో పాటు, దాని తర్వాత వచ్చిన తరం ఏం వదిలేసిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో ముఖ్యమైన సూత్రం ఇదే. పోర్షే 911ను చూడండి. 1963లో మొదలైన ఆ కారు ఇంజన్ మూడు దశాబ్దాలకు పైగా గాలితోనే చల్లబడేది. 993 అనే తరం 1998లో ముగిసింది. దాని తర్వాత వచ్చిన 996లో ఇంజన్ నీటితో చల్లబడేదిగా మారింది, హెడ్‌లైట్లు ఆ కంపెనీయే చేసిన చవకైన బాక్‌స్టర్ కారు వాటిలాగే వచ్చాయి. వేగంలోనూ సౌకర్యంలోనూ 996 ఏమాత్రం వెనకబడలేదు. అయినా అభిమానులు దాన్ని చూసి మొహం తిప్పుకున్నారు, గాలితో చల్లబడే చివరి కారుగా 993 ధర ఆకాశానికి వెళ్లింది. ఇంజన్‌లోని ఒక బేరింగు చెడిపోతుందన్న పేరు కూడా తోడై, 996 చాలా ఏళ్లు 911లన్నిటిలోకీ చవకైనదిగా ఉండిపోయింది. 993 సామాన్యుడికి అందనంత పెరిగాకే జనం 996 వైపు చూశారు. అందులోనూ ముందు లేచింది జీటీ3 వంటి ప్రత్యేక రకాలే.

బీఎండబ్ల్యూ ఎం3 కథ కూడా ఇలాంటిదే. 1986లో వచ్చిన మొదటి ఎం3ని రేసు నిబంధన కోసం తయారు చేశారు. ఆనాటి గ్రూప్ ఏ పోటీల్లో దిగాలంటే రోడ్డు మీద తిరిగే కార్లు 5,000 తయారు చేసి తీరాలి. అందువల్ల నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల రేసు ఇంజన్ మామూలు గృహస్థు చేతికి వచ్చింది. తర్వాతి తరం ఆరు సిలిండర్లతో, మరింత మెత్తగా, మరింత సౌకర్యంగా వచ్చింది. ఆ మెత్తదనమే మొదటి తరానికి విలువ తెచ్చింది. 2000లో వచ్చిన మూడో తరానికి ఇప్పుడున్న గిరాకీకి కారణం వేరు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని వరస ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్న చివరి ఎం3 అదే. దాని తర్వాతి తరంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్ వచ్చింది, ఆ తర్వాత టర్బోలు వచ్చాయి. మొదటిదానికి ఆదిలో నిలిచిన గౌరవం, మూడోదానికి ఒక పద్ధతికి చివరిదన్న గౌరవం దక్కాయి. మధ్యలో నలిగిన రెండో తరం మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. 1989లో ఆర్32, 1995లో ఆర్33, 1999లో ఆర్34 వచ్చాయి. 2002లో ఆ వరస ఆగిపోయింది. 2007లో వచ్చిన కొత్త జీటీఆర్‌కు స్కైలైన్ పేరూ లేదు, చేత్తో మార్చే గేరూ లేదు. ఇక్కడిదాకా పాత సూత్రమే. అయితే అమెరికాలో ఒక నిబంధన ఉంది. అక్కడి భద్రతా ప్రమాణాలకు లోబడని విదేశీ కారును 25 ఏళ్లు నిండితేనే దిగుమతి చేసుకోనిస్తారు. అందుచేత ఒక్కో తరానికి 25 ఏళ్లు దగ్గరపడే కొద్దీ జపాన్‌లోనే వాటి ధరలు పెరుగుతూ వచ్చాయి. ఆర్34 వంతు 2024లో వచ్చింది. డబ్బున్న పెద్ద బజారుకు గేటు తెరుచుకునే తేదీ ముందే తెలిసినప్పుడు, ధర ఆ తేదీ వరకు ఆగి ఉండదు.

మన దేశానికి అలాంటి గేటు లేదు. మూడేళ్లు దాటిన వాడిన కారును మామూలు కొనుగోలుదారు బయటి నుంచి తెచ్చుకునే వీలు లేదు. మన పాత కార్ల కోసం విదేశీయులు ఎగబడటమూ లేదు. కాబట్టి ఇక్కడి బజారు ఒక కంచె లోపలిది. సరుకు బయటి నుంచి పెరగదు, గిరాకీ కూడా బయటి నుంచి రాదు. విదేశాల్లో కోట్లు పలికిన కార్ల వీడియోలు చూసి, అదే నిష్పత్తిలో మన కార్లూ పెరుగుతాయని లెక్కగట్టడం పొరపాటు. ఇక్కడ ధర పెంచేది ఇక్కడి జ్ఞాపకాలు, ఇక్కడి జేబులు మాత్రమే.

ఆ జ్ఞాపకాల బలం ఎంతటిదో తెలుసుకోవడానికి అనంతపురం దాటి వెళ్లనక్కరలేదు. యమహా ఆర్‌ఎక్స్100ను 1985 నుంచి 1996 వరకు తయారు చేశారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ దానిలాంటి టూ స్ట్రోక్ బండ్లు రోడ్డు మీదికి కొత్తగా రావడమే ఆగిపోయింది. ఆ రోజుల్లో కళాశాల బయట నిలబడి, ఆ శబ్దం వినిపించగానే తల తిప్పిన పిల్లలు ఇప్పుడు యాభైకి చేరువయ్యారు, చేతిలో డబ్బుంది, కడప నుంచి కర్నూలు దాకా ఏ ఊళ్లో అడిగినా మంచి ఆర్‌ఎక్స్100కు కొత్తప్పటి ధర కన్నా ఎన్నో రెట్లు చెబుతున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో కోరుకున్న బండిని నలభై, నలభై ఐదులో కొనుక్కోవడం లోకమంతటా ఉన్న తీరే. అందులో ఒక హెచ్చరిక కూడా దాగి ఉంది. ఆ తరం మనుషులు అరవైకి చేరేసరికి గిరాకీ తర్వాతి తరం కలలు కన్న బండ్ల మీదికి మళ్లుతుంది. అంతవరకు మెరిసిన మోడళ్లలో కొన్ని అక్కడే నిలిచిపోతాయి.

ఇక మీ నాన్నగారి కారు. హోండా సిటీ మన దేశంలో 1998లో మొదలైంది. మీ ఇంట్లో ఉన్నది ఆ మొదటి తరంలోని 1.5 వీటెక్, 106 హార్స్‌పవర్. ఇంజన్ తిరుగుడు పెరిగినప్పుడు వాల్వులు తెరుచుకునే తీరు మారిపోయి బండి ఒక్కసారిగా ముందుకు దూకే ఆ వీటెక్ గుణాన్ని మన రోడ్ల మీద చాలామంది మొదట రుచి చూసింది ఈ కారులోనే. 2003లో వచ్చిన తర్వాతి తరాన్ని హోండా మైలేజీ కోసం తయారు చేసింది. అదే 1.5 లీటర్లు, కానీ 77 హార్స్‌పవర్. కూర్చునే ఎత్తు పెరిగింది, స్టీరింగు కరెంటుతో నడిచేది అయింది. కుటుంబాలకు అది చాలా మంచి కారు. నాలాంటివాళ్లకు మాత్రం అది మీ బండి విలువను పెంచిన కారు. 2008లో వచ్చిన తరం 118 హార్స్‌పవర్‌తో అంకెల్లో మీదాన్ని దాటేసింది. అయినా బరువు తక్కువగా, నేలకు దగ్గరగా, చేతికి రోడ్డు తెలిసేలా ఉన్న ఆ పాత కారును అది మరిపించలేకపోయింది. ఇంతకు ముందు చెప్పిన సూత్రం మీ బండికి అచ్చంగా వర్తిస్తుంది. ఆదిలోనిది, తర్వాతి తరం వదిలేసిన గుణం ఉన్నది, కుర్రకారు చేతిలో పడి ఎక్కువగా పాడైపోయినది. దానికి తోడు మీది ఒకే కుటుంబం చేతిలో ఉన్న బండి. బెంగళూరు ఆయన రెట్టింపు ఎందుకు చెప్పారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆయన అక్కడికి వచ్చి ఏం చూసి ఉంటారో కూడా చెబుతాను, మీరే ఒకసారి చూసుకోండి. నాలుగు తలుపుల అద్దాలు, ముందు వెనక అద్దాలు, ఒక్కోదాని మూలన చిన్న అక్షరాల్లో తయారీదారు గుర్తు, తయారైన కాలాన్ని తెలిపే చుక్కలో అంకెలో ఉంటాయి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే కాలానివి అయితే అద్దాలు మార్చలేదని అర్థం. ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఆ పక్కన ఎప్పుడో దెబ్బ తగిలి ఉండవచ్చు. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందా, డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే అడుగున కంపెనీ వెల్డింగు చుక్కలు సమానంగా ఉన్నాయా, ఛాసిస్ నంబరు చుట్టూ రేకు గీకినట్టుందా అన్నవి తర్వాతి పరీక్షలు. అనుభవం ఉన్నవాడు రంగు మందం కొలిచే చిన్న పరికరం కూడా తెస్తాడు. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మళ్లీ రంగు కొట్టిన చోట అది చాలా ఎక్కువ చూపిస్తుంది, కింద లప్పం ఉంటే ఇంకా ఎక్కువ. మీ బావగారు చెప్పినట్టు బండి మొత్తానికి కొత్త రంగు కొట్టించారనుకోండి, ఆ రంగు ఎంత బాగా వచ్చినా, కింద ఏం దాచారోనన్న అనుమానాన్ని మీరే డబ్బు పెట్టి కొన్నట్టవుతుంది. ఎండకు వెలిసిపోయినా సరే, కంపెనీ రంగే మీ సాక్ష్యం. అల్లాయ్ చక్రాల సంగతీ అంతే. పెద్ద చక్రాలు వేస్తే బేరింగుల మీద, స్టీరింగు జాయింట్ల మీద భారం పెరుగుతుంది. కంపెనీ చక్రాలు, వాటి క్యాపులు ఎక్కడో పారేస్తారు, తర్వాత వెతికినా దొరకవు.

అందుకే నాన్నగారి బీరువా ఒకసారి జాగ్రత్తగా చూడండి. కొన్ననాటి ఇన్‌వాయిస్, సర్వీసు పుస్తకం, పాత బిల్లులు, జీవితకాల పన్ను రసీదు, రెండో తాళం, టూల్ కిట్, యజమాని కరదీపిక, తీసేసి ఉంటే పాత క్యాసెట్ స్టీరియో, ఏది దొరికినా ఒక సంచిలో వేసి భద్రం చేయండి. ఓడోమీటరును నమ్మని కొనుగోలుదారు కూడా 2006లో ఇన్ని కిలోమీటర్లు, 2011లో ఇన్ని కిలోమీటర్లు అని వరసగా చెప్పే సర్వీసు బిల్లులను నమ్ముతాడు. ఏపీ 02 నంబరు కూడా ఇప్పుడు ఒక విలువైన సంగతే. అంతకు ముందు జిల్లాకో నంబరు ఉండేది, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకటే సిరీస్ మొదలైంది. జిల్లా నంబరుతో పుట్టి, అదే నంబరుతో మిగిలిన బండి తన చరిత్రను నుదుటి మీదే చెప్పుకుంటుంది.

మన సీమ వాతావరణం పాత కారుకు ఒక మేలు చేస్తుంది, రెండు కీడులు చేస్తుంది. వానలు తక్కువ, సముద్రపు గాలి లేదు, కాబట్టి తీరప్రాంతపు బండ్లకు పట్టినట్టు రేకుకు తుప్పు పట్టదు. చెన్నైలోనో విశాఖలోనో పెరిగిన ఇదే వయసు కారు కింద పడుకుని చూసిన మెకానిక్ మీ బండి కింద చూస్తే సంతోషిస్తాడు. కానీ ఎండ మాత్రం తలుపుల రబ్బర్లను, డ్యాష్‌బోర్డును, హెడ్‌లైట్లను మాడ్చేస్తుంది. మీ బండి షెడ్డులో ఉండటం అందుకు మంచిదే. అయితే అది బండల పాలిష్ షెడ్డు. కోత యంత్రం నుంచి లేచే సన్నటి రాతి పొడి బండి మీద పేరుకుంటుంది, దాన్ని పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ రంగు మీద గీతలు పడతాయి. ముందు గాలి కొట్టి, తర్వాత నీళ్లు పోసి, ఆపైన మెత్తటి గుడ్డతో తుడవాలి. గాలి ఆడే నూలు కవరు వేయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది. వీలైతే ఇంటి దగ్గర నీడ చూసి అక్కడికి మార్చండి. యూనిట్‌లో ఉన్నంతకాలం గాలి ఫిల్టరును మామూలు గడువు కన్నా ముందే మార్చాల్సి ఉంటుంది.

రెండో కీడు బోరు నీళ్లు. రేడియేటరు చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, మూత లోపలి అంచు మీద వేలు పెట్టి చూడండి. సున్నం లాంటి తెల్లటి పొర వేలికి గరుకుగా తగిలితే, ఎప్పుడో ఎవరో కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోశారని అర్థం. ఆ ఉప్పు రేడియేటరు సన్న గొట్టాల్లో గట్టిపడి, ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కి, హెడ్ గాస్కెట్ పోయే దాకా తీసుకెళుతుంది. మొత్తం ఖాళీ చేయించి, శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో సరైన పాళ్లలో కలిపిన కూలెంట్ పోయించండి.

నెలకోసారి స్టార్టు చేసి ఆపేయడం మంచి అలవాటేనని చాలామంది అనుకుంటారు, కానీ దానివల్ల నష్టమే ఎక్కువ. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపు ఆపేస్తే లోపల చేరిన చెమ్మ ఆవిరై పోదు, అది ఆయిల్‌లోనూ సైలెన్సరులోనూ నిలిచిపోతుంది. రెండు వారాలకోసారి కనీసం అరగంట రోడ్డు మీద నడపండి, లేదంటే బ్యాటరీ తీగ విప్పి పూర్తిగా నిద్రపుచ్చండి. మరీ ముఖ్యమైనది టైమింగ్ బెల్ట్. ఈ ఇంజన్‌లో చైను ఉండదు, రబ్బరు బెల్టే ఉంటుంది. అది కిలోమీటర్లతోనే కాక ఏళ్లతో కూడా పాతబడుతుంది, నడుస్తున్నప్పుడు తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజన్ పాడవుతుంది. చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే, మార్చలేదనే అనుకుని, ముందు మార్పించి ఆ తర్వాతే రోడ్డెక్కండి. వాటర్ పంపు కూడా అదే పనిలో మార్పించేయండి, దానికోసం మళ్లీ అంతా విప్పాల్సిన పని ఉండదు. పెట్రోలు విషయం కూడా చూడాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2002 నాటి రబ్బరు గొట్టాలు, ఓ రింగులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పాత పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచకండి, ఇంధన గొట్టాలను ఒకసారి పరీక్ష చేయించి, పగుళ్లు ఉన్నవాటిని మార్పించండి.

కాగితాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. యజమాని మరణించినప్పుడు వారసుడు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటిపోయింది, కొంత జరిమానా పడవచ్చు, కానీ పని ఆగదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల సమ్మతి, అంటే మీ అమ్మగారు, తోబుట్టువులు ఇచ్చే అంగీకారం, సిద్ధం చేసుకోండి. నాన్నగారు బ్యాంకు అప్పు మీద కొని ఉంటే, అప్పు ఎప్పుడో తీరినా ఆర్‌సీలో హైపోథెకేషన్, అంటే బ్యాంకు తాకట్టు నమోదు, అలాగే ఉండిపోయి ఉండవచ్చు. దాన్ని ఫారం 35తోనూ బ్యాంకు పత్రంతోనూ తీసేయించాలి. 2002 బండికి 15 ఏళ్లు 2017లో నిండాయి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. 2022లో చేయించి ఉంటే 2027లో మళ్లీ వస్తుంది. 20 ఏళ్లు దాటిన కారుకు కేంద్రం 2025లో ఈ రుసుమును 10,000 రూపాయలకు పెంచింది. పన్నులు వేరు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు బండిని నిలబెట్టాలి కాబట్టి పైన చెప్పిన మరమ్మతులు అంతకు ముందే చేయించడం మేలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటినవాటికే. మీ బండికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. కానీ షెడ్డులో నిప్పు పడితే అది మీకు పైసా ఇవ్వదు. అయిదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకోవాలన్నది పద్ధతి. ఫోటోలు, బిల్లులు చూపించి అడిగితే కొన్ని కంపెనీలు పూర్తి పాలసీకి ఒప్పుకుంటాయి. ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి.

ఇప్పుడు ఆక్టేవియా ఆర్‌ఎస్. మీ స్నేహితుల అభిరుచి మంచిదే. 2004లో వచ్చిన ఆ కారు 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్‌తో, 150 హార్స్‌పవర్‌తో మన దేశంలో ఒక దారి తెరిచింది. ఆ వరసలో తరాల పాఠం కూడా చక్కగా కనిపిస్తుంది. రెండో తరం ఆక్టేవియాను ఇక్కడ లారా పేరుతో అమ్మారు, 2011లో లారా ఆర్‌ఎస్ అని వచ్చినదానికి మామూలు లారాలో ఉన్న 160 హార్స్‌పవర్ ఇంజన్‌నే ఇచ్చారు. బ్యాడ్జి ఉన్నా ఇంజన్ ప్రత్యేకం కాకపోవడంతో అభిమానుల మనసు అందులో అంతగా నిలవలేదు. 2017లో 230 హార్స్‌పవర్‌తో వచ్చినది, 2020లో 200 మాత్రమే తెచ్చిన 245 హార్స్‌పవర్ కారు, 2025లో పూర్తిగా దిగుమతి చేసి 100 మాత్రమే అమ్మిన 265 హార్స్‌పవర్ కారు ఆ పేరుకు తిరిగి ప్రతిష్ఠ తెచ్చాయి. కొత్తవాటి ప్రతిష్ఠ మొదటిదాని మీద కూడా పడుతుంది. విలువ దృష్టితో చూస్తే నా ఎంపిక కూడా 2004 తరమే.

అయినా మీకు దాన్ని కొనమని చెప్పలేను. ఆ తరం కార్లలో చాలావాటికి ఎక్కువ శక్తి కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి (రీమ్యాప్), టర్బోను విరగబాది నడిపారు. కంపెనీ స్థితిలో ఉన్నది దొరకడం కష్టం, దొరికితే ధర మీ అంచనాకు అందదు. చవకగా దొరికినదానికి టర్బో, క్లచ్, సెన్సార్లు, తలుపు అద్దాల యంత్రాలు ఒక్కొక్కటే చేతికొస్తాయి. వాటిని తెలిసిన మెకానిక్ కోసం ప్రతిసారీ బండిని అనంతపురం దాటించి బెంగళూరు దాకా పంపాలి. మీ సిటీని మాత్రం తాడిపత్రిలోని మంచి మెకానిక్ కూడా చూసుకోగలడు. డబ్బు లెక్క కూడా ఒకసారి వేయండి. ఏడు శాతం వడ్డీతో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా సొమ్ము పదేళ్లలో దాదాపు రెట్టింపవుతుంది. అంటే మీ స్నేహితులు ఆశ చూపుతున్న లాభం, అది నిజంగా వచ్చినా, బ్యాంకు ఇచ్చేదానికి సమానం. అందులోంచి పదేళ్ల టైర్లు, ఆయిల్, ఇన్సూరెన్సు, రెన్యువల్, టర్బో ఖర్చులు తీసేస్తే మిగిలేది తక్కువ. పెట్టుబడి కోసమే పాత కారు కొనాలనుకునేవారికి నా సమాధానం ఎప్పుడూ వద్దనే. నడిపే సంతోషం ఉండి, ఖర్చు భరించగలిగి, విలువ పెరిగితే దాన్ని అదనంగా చూసేవారికే ఇది సరిపోతుంది.

మీరు సంతోషంగా నడుపుకోగలిగితే సిటీని ఉంచుకోండి, ఇదే నా సలహా. బెల్టు, కూలెంట్, గొట్టాలు, బ్రేకులు చేయించడానికి అయ్యే ఖర్చు కొత్త రంగుకు అయ్యేదానికి మించదు, ఆ ఖర్చు బండికి నిజంగా మేలు చేస్తుంది. అలా కాక ఇంట్లో డబ్బు అవసరం ఉంటే, లేదా షెడ్డులో బండి పాడైపోతుండటం చూడలేకపోతే, అమ్మడంలో తప్పేమీ లేదు. నాన్నగారి వస్తువు కాబట్టి ఈ నిర్ణయంలో అమ్మగారి మాట కూడా అడగండి.

అమ్మేటట్టయితే మీ పేరు మీదికి ఆర్‌సీ వచ్చాక, అవే ఫోటోలు, అవే బిల్లుల నకళ్లు కనీసం మరో ఇద్దరు సంగ్రాహకులకు చూపించి ధర అడగండి. ఇక్కడి బేరగాడి ధరకు రెట్టింపు అన్నది మంచి బండికి మొదటి మాటే కావచ్చు, చివరిది కాకపోవచ్చు. బెంగళూరు ఆయన ఏపీ 02 నంబరు పోకూడదని, పేరు మార్చకుండానే యజమాని మార్పిడికి వాడే ఫారం 29, 30ల మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇమ్మని అడిగే అవకాశం ఉంది. ఎంత ఎక్కువ ఇచ్చినా దానికి ఒప్పుకోకండి. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే కోర్టు నోటీసు తాడిపత్రికి, మీ పేరు మీదే వస్తుంది. కర్ణాటకకు తీసుకెళ్లేటట్టయితే ఫారం 28తో ఎన్‌వోసీ తీసుకోవడం, అక్కడి పన్ను కట్టడం ఎవరి బాధ్యతో రాసుకుని, మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారా తీసుకుని, రెండో తాళమూ బీరువాలో దొరికిన కాగితాల సంచీ అప్పుడే చేతికివ్వండి.